డబ్బాల మావయ్యను పిలిచే పని

ఆ ఇంటి గోడల సంగతి ముందు చెప్పాలి, ఎందుకంటే డబ్బాల మావయ్య బతుకు ఆ గోడల మందం మీదే నిలబడింది. కట్టించిన మనిషి ఫిరంగి గుండ్లకు భయపడ్డాడో, అత్తగారి గొంతుకు భయపడ్డాడో తెలియదు గానీ, ఏనుగు వచ్చి వీపు రుద్దుకున్నా సున్నం రాలనంత మందంగా కట్టించాడు. ఒక గదిలో తుమ్మితే పక్క గదిలోకి మర్నాడు పొద్దుటికి గానీ వినపడదని మావయ్య బావగారు అనేవారు. ఒకసారి పటం తగిలిద్దామని మేకు కొట్టబోతే మేకు వంగింది, సుత్తి పిడి విరిగింది, కొట్టినాయన మణికట్టు బెణికింది. చివరికి పటాన్ని కుర్చీలో కూర్చోబెట్టారు. ఇప్పటికీ అక్కడే ఉంది. ఇంటికొచ్చిన చుట్టాలు దాన్ని కాస్త జరగమని అడిగి కూర్చుంటారు.

అలాంటి ఇంట్లో వై-ఫై ఒక్క డబ్బాతో అయ్యే పని కాదు. అంతస్తుకో డబ్బా పెట్టి, కిందిది అందిస్తే పైది అందుకునేలా, మంటలార్పే రోజున జనం బాల్చీలు చేతులు మార్చుకున్నట్టు, నెట్‌ని పైదాకా చేరవేయాలి. మెష్ అంటారు దాన్ని. ఆ మెష్‌కి కాపలాదారు మావయ్య.

కింది అంతస్తు బావగారిది. పళ్ళ డాక్టర్లు అచ్చులు పంపిస్తే వాటిని బట్టి కట్టుడుపళ్ళు చేసివ్వడం ఆయన వృత్తి. బల్లల నిండా నోళ్ళు లేని పళ్ళు వరసగా కూర్చుని వచ్చిన ప్రతివాడినీ చూసి నవ్వుతుంటాయి. మనసు బాగాలేనివాళ్ళు ఆ గదిలోకి పోరు. నడిమి అంతస్తులో వంటిల్లు, హాలు, వాటి మీద పెత్తనం చేసే ఆయన భార్య, అక్క. పై అంతస్తులో అక్క కూతురు, ఆమె భర్త. డాబా మీది ఒంటిగదిలో అక్క తమ్ముడైన మావయ్య.

అక్క కూతుర్ని ఇంట్లో అందరూ దుబాసీ అనే పిలుస్తారు. అదే ఆమె ఉద్యోగం. ఎక్కడో ఒక ఆసుపత్రిలో డాక్టరుది ఒక భాష, రోగిది ఇంకో భాష. ఇద్దరి నడుమా తెర మీద దుబాసీ ప్రత్యక్షమై ఆయన మాట ఈయనకూ, ఈయన మాట ఆయనకూ చెబుతుంది. అమ్మానాన్నలు మాటలు మానేసిన రోజుల్లో వాళ్ళ మధ్య తిరిగి చిన్నప్పుడే నేర్చుకున్న విద్య అది అని బావగారు గొప్పగా చెప్పుకుంటారు.

మావయ్యకు ఒకప్పుడు బజారులో ఇంటర్నెట్ సెంటర్ ఉండేది. చెక్క పలకలతో అడ్డం కట్టిన గూళ్ళు, గూటికో కంప్యూటర్, నడవడానికి మనిషి పక్కకు తిరగాల్సినంత దారి. పరీక్షల ఫలితాలు వచ్చే రోజున జనం వీధి మలుపు దాకా వరస కట్టేవారు. మావయ్య చెప్పేటప్పుడు ఆ వరస పక్క ఊరి పొలిమేర దాకా పోయేది. వరస చివర నిలబడ్డ కుర్రాడొకడు తన వంతు వచ్చేసరికి పెళ్ళి చేసుకుని, పిల్లవాణ్ణి చంకనేసుకుని వచ్చి, ముందు వీడి ఫలితం చూడండి అన్నాడట. తర్వాత అందరి జేబుల్లోకీ ఫోన్లు వచ్చాయి. ఇక మేము రాము అని ఎవరూ వచ్చి చెప్పలేదు. రావడం మానేశారు, అంతే. మావయ్య కొన్నాళ్ళు ఖాళీ గూళ్ళ మధ్య దుమ్ము తుడిచి, తర్వాత డబ్బాలూ తీగలూ ఒక బండికెత్తించి, ఒక నెల ఉండి పోతానని అక్క ఇంటికి వచ్చాడు. ఆ నెల ఇంకా పూర్తి కాలేదు.

పెళ్ళిగిళ్ళి లేని మగవాడు అక్క ఇంట్లో ఉండిపోతే అన్నం పెట్టేవాళ్ళు ఏమీ అనకపోయినా కంచం ఏదో అంటూనే ఉంటుంది. మావయ్య కంచం మాత్రం నోరెత్తలేదు. కారణం నెట్. బండి మీద తెచ్చిన డబ్బాలనే అంతస్తుకొకటి పెట్టాడు. అవి ముసలివి. వారంలో ఎక్కువ రోజులు ఏదో ఒకటి పడకేసేది. అప్పుడు మెట్ల దగ్గరి నుంచి కేక వినిపించేది: "మావయ్యా, నెట్ పోయింది."

దానికో పద్ధతి ఉంది. అన్నిటినీ ఆపేసి కింది నుంచి పైకి వరసగా లేపాలి. కిందిది కళ్ళు నులుముకుని పచ్చదీపం వెలిగించాకే నడిమిదాన్ని ముట్టుకోవాలి, అది కుదుటపడ్డాకే పైదాన్ని. తొందరపడితే మూడూ కలిసి అలుగుతాయి. మావయ్య మెట్ల నడుమ నిలబడి, బడిలో ప్రార్థనకు పిల్లల్ని వరసపెట్టే సిస్టరమ్మలా చెయ్యెత్తి కేకలేసేవాడు. కింద పళ్ళు అరగదీసే సానరాయి ఆపి బావగారు స్విచ్ నొక్కేవారు, నడుమ అక్క నొక్కేది, పైన దుబాసీ నొక్కేది. ఇల్లంతా ఊపిరి బిగబట్టేది. నెట్ వచ్చాక అక్క టీ ఇచ్చేది. ఆ టీ తాగేటప్పుడు మావయ్య కుర్చీలో వెనక్కి జారగిలబడి కూర్చునేవాడు. మిగతా వేళల్లో కుర్చీ అంచునే కూర్చునేవాడు. ఆ పిలుపు ఉన్నంతకాలం ఆయన అక్క ఇంట్లో తింటున్నవాడు కాదు, అక్క ఇంటికి పనికొస్తున్నవాడు. ఈ సంగతి ఎవరికీ తెలియదు, ఆయనకు తప్ప.

ఇలా నడుస్తుండగా దుబాసీకి ఆఫీసు నుంచి హెచ్చరిక వచ్చింది. రోగితో మాట్లాడుతుండగా నెట్ తెగిపోతోందనీ, ఇంకొక్కసారి అలా జరిగితే పనిలోంచి తీసేస్తామనీ. లాప్‌టాప్‌కి నేరుగా తీగ తగిలిద్దామంటే అది ఆఫీసు వాళ్ళది, తీగ పట్టే సందే లేదు, బయటి సామాను ఏది తగిలించినా ఒప్పుకోదు. దుబాసీ ఆ రోజు అన్నం దగ్గర ఏమీ మాట్లాడలేదు. రెండు భాషలు వచ్చిన మనిషి ఒక్కదానిలోనూ మాట్లాడకపోతే ఎంత నిశ్శబ్దంగా ఉంటుందో అప్పుడు తెలిసింది అందరికీ.

మర్నాడు సాయంత్రం ఆమె భర్త ఒక పెట్టె చంకలో పెట్టుకుని వచ్చాడు. బిస్కట్ల ఫ్యాక్టరీలో పొయ్యిల దగ్గర సూపర్‌వైజరు, ఎవర్నీ నొప్పించే మనిషి కాదు. పెట్టెలో తెల్లగా, నున్నగా, కోడిగుడ్ల వంటి కొత్త డబ్బాలు.

"మావయ్యగారూ, ఏడో రకం వై-ఫై ఇది. మీరిక మెట్లెక్కి దిగక్కర్లేదు. ఎక్కడ ఏం తేడా వచ్చినా వాటికవే చూసుకుంటాయట."

"వాటికవే చూసుకుంటే నేనేం చూసుకోవాలి?" అన్నాడు మావయ్య.

అందరూ నవ్వారు. ఆయన మాట తీరే అంత కదా అనుకున్నారు. బావగారు, ఏమోయ్ బావమరిదీ, నీ మోకాళ్ళకు పెన్షన్ వచ్చింది అన్నారు. మావయ్య కూడా నవ్వాడు. నవ్వుతూనే ఆ గుడ్డును చేతిలోకి తీసుకుని, వెచ్చగా ఉందేమో చూస్తున్నట్టు అటూ ఇటూ తిప్పాడు.

టీ తాగినంతసేపట్లో ఎవరైనా పెట్టుకోవచ్చని పెట్టె మీద ముద్రించి ఉంది. మావయ్య ఎవర్నీ పెట్టనివ్వలేదు. కొత్త రకంలో వేగం ఎక్కువే గానీ ఆ వేగమిచ్చే తరంగం గోడను చూస్తే సిగ్గుపడి ఆగిపోతుంది, ఈ గోడల్లో డబ్బాకీ డబ్బాకీ మధ్య తీగ వేయాల్సిందే అన్నాడు. అది నిజమే. వాడకం మానేసిన పాత నీళ్ళ గొట్టాల దారిలోంచి కిందినుంచి పైదాకా తీగ లాగాడు. తాడుకు బరువు కట్టి వదిలాడు, అద్దం పట్టుకుని గొట్టంలోకి వెలుగు కొట్టాడు, మోచేతులు గీరుకుపోయాయి. ఒక చోట తాడు ఇరుక్కుంటే, ఆ గొట్టం అవతలి చివర భూగోళానికి అటుపక్క ఎవడో కూర్చుని తాడు లాగుతున్నాడనీ, వాడితో బేరమాడి విడిపించుకున్నాననీ చెప్పాడు. అన్నం దగ్గర ఆయన కథలకు అక్క కూడా పొలమారేలా నవ్వింది. జీవితంలో అంత మంచి పని ఆయన చేయలేదు. తన చేత్తో తన కుర్చీని అంత నేర్పుగా తీసి బయట పెట్టుకున్నవాడు ఇంకొకడు ఉండడు.

నెట్ వచ్చింది. పైన దుబాసీ తెర మీద అవతలి డాక్టరు గడ్డం మీది వెంట్రుకలు లెక్కపెట్టేంత స్పష్టంగా వచ్చింది.

ఒక్క అక్క టాబ్లెట్‌కి మాత్రం రాలేదు. అక్క దాని మీద ఊరూ పేరూ తెలియని వాళ్ళతో చదరంగం ఆడుతుంది. గెలిచాక వాళ్ళకు ఓదార్పు మాటలు కూడా రాస్తుంది. కొత్త డబ్బాల తాళం, అంటే పాస్‌వర్డు సరిచూసే తీరు, కొత్త రకం, పాత టాబ్లెట్‌కి అది అర్థం కాలేదు.

"ఒరేయ్, నా ఏనుగు అక్కడ ప్రాణాలు గుప్పిట్లో పెట్టుకుని నిలబడి ఉందిరా. మళ్ళీ పాస్‌వర్డ్ కొట్టమన్నావంటే ఈ టాబ్లెట్‌తోనే నీ నెత్తి మీద కొడతాను" అంది అక్క.

మావయ్య పాత డబ్బాల్లో ఒకదాన్ని తీసి, మెట్ల మలుపు పైన అటక మీద పెట్టి, కొత్త తీగ నుంచే దానికో కొస ఇచ్చాడు. అక్క ఏమీ కొట్టక్కర్లేకుండా పాత పేరూ, పాత పాస్‌వర్డే ఉంచేశాడు. కొత్త డబ్బాలకూ అవే ఇచ్చి ఉన్నాడు, ఇంట్లో ఎవరి ఫోన్లోనూ ఏమీ మార్చక్కర్లేదని. ఇంటర్నెట్ సెంటర్ రోజుల నుంచీ ఆయన పద్ధతి అదే. ఎన్ని డబ్బాలున్నా పేరు ఒక్కటే. అక్క ఏనుగు బతికింది.

రెండు మూడు రోజులకే పిలుపులు మొదలయ్యాయి. హాల్లో సినిమా ఆగిపోయింది. బావగారి ఫోన్లో ఎవరిదో దవడ బొమ్మ సగం వచ్చి నిలిచిపోయింది. మావయ్య పరుగున దిగాడు. కొత్తవాటికి ఈ గోడలు అలవాటు కావాలి, కొత్త కోడలు కదా అన్నాడు. ఇటు జరిపాడు, అటు తిప్పాడు, కింది నుంచి పైకి వరసగా లేపాడు. వచ్చింది. టీ వచ్చింది. ఎంత ఖరీదైనవైనా మావయ్య చెయ్యి పడితే గానీ మాట వినవు అన్నారు బావగారు. ఆ వారమంతా మావయ్య మెట్ల మీద కుర్రాడిలా ఎగిరాడు. దుబాసీ తెర కూడా ఒకసారి బిగుసుకుపోయి, అవతలివాళ్ళు గమనించేలోగా తేరుకుంది. ఆమె మెట్ల దగ్గరికి పరుగెత్తుకొచ్చింది. మావయ్యా, ఎలాగైనా చూడు, ఇది పోతే నాకు ఇంకో పని రాదు అంది.

అప్పుడు నిజంగా చూశాడు. ఫోన్లోని యాప్‌లో ఏ పరికరం ఏ డబ్బాను పట్టుకుందో కనిపిస్తుంది. దుబాసీ లాప్‌టాప్ ఉండుండి కొత్త డబ్బాల జాబితాలోంచి మాయమవుతోంది. ఎక్కడికి పోతోందని వెతుకుతూ మెట్ల మలుపులో నిలబడి తలెత్తితే అటక మీద పాత డబ్బా పచ్చదీపం పెట్టుకుని అమాయకంగా చూస్తోంది. పేరూ పాస్‌వర్డూ ఒకటే కాబట్టి ఫోన్లూ లాప్‌టాపూ దగ్గరున్న పాతదాన్నే పట్టుకుంటున్నాయి, కాసేపటికి నీరసించి మళ్ళీ కొత్తదానికి దూకుతున్నాయి. ఆ దూకడంలోనే తెగుతోంది. వారం నుంచీ తను మాన్పుతున్న జబ్బు తను పెట్టిందే.

మావయ్య పాతదాన్ని ఆపేశాడు. కొత్త డబ్బాల్లోనే పాత తాళంతో చిన్న నెట్ ఇంకొకటి, వేరే పేరుతో తెరిచి, అక్క కునుకు తీస్తుండగా తనే టాబ్లెట్లో కొట్టిపెట్టాడు. చేయాల్సిన పని చేసినట్టే చేశాడు. ఎవరికీ చెప్పలేదు.

ఇక నెట్ ఆగలేదు.

మావయ్య డాబా గది తలుపు తీసి ఉంచుకుని కూర్చున్నాడు. కింద అందరూ ఎవరి తెరల్లో వాళ్ళు హాయిగా ఉన్నారు. అన్నానికి పిలిచేవారు, అది వేరే పిలుపు. టీ వేళకు దిగితే అక్క ఏనుగు మీదినుంచి తలెత్తకుండా, గిన్నెలో ఉంది వేడి చేసుకోరా అంది. ఊరికే అడుగుతున్నట్టు, నెట్ ఎలా ఉంది అని అడిగాడు. దానికేం, దాని మానాన అదుంది అంది. ఒకరోజు తీగల కొసలు సర్దాడు, సర్దినవే మళ్ళీ సర్దాడు. ఆయనకు బజారులోని ఖాళీ గూళ్ళు గుర్తొచ్చాయి. అప్పుడు కూడా ఎవరూ ఏమీ అనలేదు.

అలాంటి ఒక మధ్యాహ్నం ఆయన అటక మీది డబ్బాకి మళ్ళీ ప్రాణం పోశాడు. దుబాసీకి ఆ రోజు సెలవని ఆయనకు తెలుసు, తెలుసుకునే చేశాడు. ఒక్క పూట. అక్కో, బావో మెట్ల దగ్గరికి వచ్చి పిలుస్తారు, దిగుతాడు, సరిచేస్తాడు, తీసేస్తాడు. అంతే అనుకున్నాడు. గదిలోకి వెళ్ళి చెప్పులు వేసుకుని మరీ కూర్చున్నాడు.

పిలుపు వచ్చింది. "మావయ్యా."

ఆయన ఆనందంగా లేచి, సగం మెట్లు దిగాక గానీ గమనించలేదు, పిలిచింది దుబాసీ అని. గొంతు గట్టిగా లేదు. పై అంతస్తు గుమ్మంలో నిలబడి ఉంది, మెడలో హెడ్‌సెట్ ఇంకా వేలాడుతోంది.

తోటి ఉద్యోగిని ఎవరికో ఒంట్లో బాగాలేదంటే ఆమె బదులు కూర్చుందట. అవతల ఒక మనిషి, భార్యను ఆపరేషన్‌కు లోపలికి తీసుకెళ్ళబోతున్నారు. ఒప్పుకుంటావా అని డాక్టరు అడిగింది. దుబాసీ ఆ మాట అతనికి చెప్పింది. అతను జవాబు చెప్పబోయాడు. నోరు తెరిచిన మనిషి తెర మీద అలాగే ఉండిపోయాడు. తిరిగి కలిసేసరికి అక్కడ ఇంకొక దుబాసీ కూర్చుని ఉంది. ఆఫీసు నుంచి ఫోన్ అప్పుడే వచ్చిందట, మర్యాదగానే మాట్లాడారట.

"నువ్వేం చేస్తావులే మావయ్యా. నువ్వు చెయ్యాల్సిందంతా చేశావు. నువ్వు లేకపోతే ఈ మాత్రం కూడా ఉండేది కాదు."

ఇన్నేళ్ళుగా ఆయన మెట్లెక్కి దిగింది ఈ మాట కోసమే. ఆయన గోడకు చెయ్యి ఆనించాడు.

"అటక మీద పాత డబ్బా ఉందమ్మా. దానివల్లే తెగింది. నేనే పెట్టాను."

దుబాసీ తలెత్తి చూసింది. "అమ్మ టాబ్లెట్ కోసమేగా. తెలీక పెట్టుంటావు."

"మొదటిసారి తెలీక. ఇవాళ తెలిసే."

ఆమెకు అర్థం కాలేదు. ఎవరి మాటైనా ఇట్టే అందుకునే పిల్ల, ఆ చిన్న మాట దగ్గర ఆగిపోయింది. "ఎందుకు?" అంది.

"పిలుస్తారని."

కింద సానరాయి తిరుగుతోంది. దుబాసీ హెడ్‌సెట్ మెడలోంచి తీసి, దాని తీగను జాగ్రత్తగా చుట్టింది. అరుస్తుందని ఆయన ఎదురుచూశాడు. అరిస్తే బాగుండుననుకున్నాడు.

"తీసెయ్ మావయ్యా దాన్ని" అని మాత్రం అని, లోపలికి వెళ్ళి తలుపు దగ్గరగా వేసుకుంది.

ఆమె ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు. అన్నం దగ్గర, పని పోయిందని మాత్రం చెప్పింది. అక్క ఆ ఆఫీసును తిట్టింది. బావగారు, మా బావమరిది అంత కష్టపడ్డా ఆ కంపెనీ డబ్బాలే నాసిరకం అన్నారు. అల్లుడు తను కొన్నవి మంచివి కావేమోనని తల దించుకున్నాడు. మావయ్య నోరు తెరిచేలోగా దుబాసీ పప్పు గిన్నె ఆయన వైపు జరిపి, తిను మావయ్యా, చల్లారిపోతుంది అంది. ఆ మాటలో కోపం ఉందేమోనని వెతికాడు. లేదు. ఆయన మీద ఏమీ లేదు.

మర్నాడు పొద్దున ఆమె పైకి వచ్చి, ఆయన ఫోను అడిగి తీసుకుని, నెట్ పెత్తనమంతా తన ఫోన్లోకి మార్చుకుంది. ఎలా మార్చాలో ఆయనే దగ్గరుండి చూపించాడు. అయ్యాక ఆయన ఫోన్లోంచి ఆ యాప్ తీసేసింది. వస్తా మావయ్యా అని దిగి వెళ్ళింది.

కొన్ని వారాలకు ఆమెకు ఒక ఆసుపత్రిలో చీటీలిచ్చే కిటికీ దగ్గర పని దొరికింది. అక్కడ అందరిదీ ఒకే భాష. పొద్దున్నే బస్సుకి పోతుంది, కాళ్ళు వాచి తిరిగొస్తుంది. ఇంట్లో ఆమెకు రెండు భాషల్లోనూ మాటలు తగ్గాయి. నెట్ మాత్రం ఆగదు. గాలివాన వచ్చి వీధి వీధంతా చీకటైన రోజున కూడా, కరెంటు తిరిగొచ్చిన మరుక్షణం డబ్బాలు వాటికవే లేచి, వాటికవే వరసలో నిలబడ్డాయి.

మావయ్య అన్నం వేళకు అందరికన్నా ముందు దిగి, అందరికన్నా ముందు తినేసి పోవడం మొదలుపెట్టాడు. కథలు చెప్పడం లేదు. ఒకసారి అక్క అడిగింది, ఒరేయ్, ఆ వరసలో నిలబడి పెళ్ళి చేసుకున్నవాడి కథ చెప్పరా అని. మొత్తం మర్చిపోయానక్కా అన్నాడు.

ఆ తర్వాత ఒక ఆదివారం ఎదురింటి కుట్టుపని ఆవిడ గుమ్మంలోకి వచ్చింది. మెడలో టేపు అలాగే ఉంది. ఎవరో చెబితే ఆమె కూడా కొత్త రకం నెట్ డబ్బాలు కొన్నదట, ఎంతకీ వెలగడం లేదట.

"బాబాయిగారూ, మీరు ఆ పని బాగా చేస్తారటగా. ఒక్కసారి వచ్చి చూడండి, మీకు పుణ్యముంటుంది."

హాల్లో బావగారు గర్వంగా తలెత్తి చూశారు. మెట్ల పక్కన దుబాసీ చెప్పులు విప్పుకుంటోంది, ఆమె తలెత్తలేదు.

"నాకు ఆ పని రాదమ్మా" అన్నాడు మావయ్య.

"అదేంటండీ, మీ ఇంట్లో అంతా మీరే పెట్టారని..."

"ఎవరో తప్పు చెప్పారు. నాకు రాదు."

కుట్టుపని ఆవిడ గుమ్మం దిగింది. అడిగినంత మాత్రాన ఇంత బిగుసుకుపోవాలా, తలబిరుసు మనిషి అనుకుంటూ వెళ్ళిపోయింది. సాయంత్రం వాళ్ళింటికి కంపెనీ మనిషి వచ్చి, కూర్చోకుండానే పని ముగించుకుని పోయాడు.